జ్యూరిస్‌ప్రుడెన్స్ ఎందుకు చదవాలంటే

చిట్టితల్లీ,

"సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీపీసీ చదివితే కోర్టులో పనికొస్తుంది, అసలు చట్టమంటే ఏమిటని అడిగే ఈ జ్యూరిస్‌ప్రుడెన్స్ దేనికమ్మా?" అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

ఆస్టిన్, హార్ట్, ఫుల్లర్ అని చట్టం గురించి సిద్ధాంతాలు రాసినవాళ్ల పేర్లు బట్టీ పడితే నిజంగానే దేనికీ పనికిరాదు. ఒక కేసు ముందు పెట్టుకుని చదువు. సుప్రీంకోర్టులో 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసు. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు తమ నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణ కింద కోర్టుకెళ్లే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వు ఆపేసింది కాబట్టి ఆ పిటిషన్లు చెల్లవంది ప్రభుత్వం. పోలీసు అధికారి సొంత కక్షతో ఎవరినైనా చంపేస్తే ఏం చేయాలని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టులో దారి లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. ఈ జవాబు ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అయినా ఐదుగురిలో నలుగురు జడ్జిలు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 21వ అధికరణ లేకపోయినా, చట్టం అనుమతి లేకుండా మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనీ తీసుకునే అధికారం ప్రభుత్వానికి లేదని రాశారు. అంటే హక్కు రాజ్యాంగం ఇస్తే వచ్చిందా, అంతకు ముందే ఉందా? నీ సిలబస్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1977లో ఖన్నా గారిని పక్కనపెట్టి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఆ మెజారిటీ తీర్పును కొట్టేసింది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. సార్వభౌముడి ఆజ్ఞే చట్టమన్న ఆస్టిన్ వల్లే ఆ తీర్పు వచ్చిందని గైడ్లు తేల్చేస్తాయి. నేను ఒప్పుకోను. నాజీ కాలపు చట్టాల మీద 1958లో హార్ట్, ఫుల్లర్ వాదించుకున్నది చదువు. చట్టమే అయినా పాటించలేనంత దుర్మార్గం కావచ్చని హార్ట్ అంటాడు. ఆస్టిన్‌లాగే ఆయనకూ చట్టం వేరు, నీతి వేరు. నీతి అక్కర్లేదని ఆయన ఎక్కడా అనలేదు.

మా కోర్టులో రోజూ రిమాండ్ పొడిగింపులు చూస్తుంటాను. పేరు పిలుస్తారు, తేదీ వేస్తారు, అయిపోతుంది. అక్కడ లేచి "ఏ అధికారంతో?" అని అడగడం నాకు ఈ పేపరే నేర్పింది.

ముందు ఆ నలుగురి తీర్పులు చదువు, తర్వాత ఖన్నా గారిది. ఆస్టిన్ని నమ్మే జడ్జి అయినా ఖన్నాలాగే రాసి ఉండేవాడా? సెలవులకు వచ్చినప్పుడు నీ జవాబు చెప్పు. రాసేవాడనే నేను వాదిస్తాను.

మీ అమ్మ