చోడి అట్టులో మైదా కలిపితే ఆ మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారములు.

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలో మన తెలుగువారు నడుపుతున్న టిఫిన్ హోటళ్ల బోర్డుల మీద ఈమధ్య చోళ్లతో, అంటే రాగులతో, చేసే చోడి అట్టు, చోడి ఇడ్లీ వంటి పేర్లు కనిపిస్తున్నాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్‌ను ఆరంభించినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న ఏడు జిల్లాలలో రాయగడ, కొరాపుట్, గజపతి, మల్కాన్‌గిరి కూడా ఉన్నాయి కనుక, ఇన్నాళ్లూ ఇంటి అంబలికే పరిమితమైన చోళ్లకు హోటల్ పళ్లెంలో చోటు దక్కడం సంతోషించవలసిన విషయమే. అయితే వీటిలో గోధుమ ఉండదన్న నమ్మకంతో తినడానికి వచ్చేవారి తరఫున ఒక మాట చెప్పవలసి ఉంది.

మా అన్నయ్యగారి మనుమరాలికి సీలియాక్ వ్యాధి ఉంది. ఈ వ్యాధి ఉన్నవారు గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తును తింటే, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. దానివల్ల తిన్నది ఒంటబట్టక రక్తహీనత వస్తుంది, పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది. జీవితాంతం గ్లూటెన్‌ను పూర్తిగా మానివేయడమే దీనికి చికిత్స. బరువు తగ్గడానికి చపాతీలు మానేవారి సంగతి వేరు, వారు ఒకపూట మైదా తిన్నా కొంప మునగదు. ఈ వ్యాధి గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో కనిపించినంతగా దక్షిణాదిలో కనిపించదు కాబట్టి, మన హోటళ్లవారికి దీని సంగతి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సెలవులకు వచ్చిన ఆ అమ్మాయిని మా పట్టణంలోని ఒక హోటల్‌కు తీసుకువెళ్లి చోడి అట్టు చెప్పాము. అంచులు కరకరలాడుతూ చూడముచ్చటగానే వచ్చింది. పిండిలో ఏమేమి కలుపుతారని అడిగితే వంటాయన ఏ దాపరికమూ లేకుండా, "గుప్పెడు మైదా ఎయ్యకపోతే అట్టు పెనం మీదే ఇరిగిపోద్ది బాబూ" అన్నాడు. అదే పెనం మీద అంతకుముందు రవ్వట్టు పోసి, తడిగుడ్డతో ఒక్కసారి తుడవడం మా కళ్లతోనే చూశాము. ఆయన నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి. కానీ అడగకపోతే ఆ పిల్ల తినేసి ఉండేది.

నిజానికి మన పలహారాలలో సగం పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి. బియ్యం, మినప్పప్పుతో చేసే ఇడ్లీ, అట్టు, ఒడియా ఇళ్లలో చేసే చకులి పిఠా, పెసరట్టు, గారె, అటుకులు, మరమరాలు, వీటిలో వేటిలోనూ గోధుమ లేదు. చిక్కంతా పక్కన చేరేవాటితోనే. బొంబాయి రవ్వ, సేమ్యా, పూరీ, మైసూర్ బజ్జీ గోధుమవేనని తెలిసినవారు కూడా సాంబారులో వేసే ఇంగువ గురించి ఆలోచించరు. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. డబ్బా వెనుక చిన్న అక్షరాలలో ఆ మాట రాసే ఉంటుంది. పూరీలు వేగిన నూనెలోనే గారెలు వేస్తే ఆ గారెలూ పనికిరావు. ఇక పిండిమర సంగతి: గోధుమలు ఆడిన వెంటనే చోళ్లు పోస్తే, రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండి చోడిపిండిలో కలిసే వస్తుంది.

గ్లూటెన్ లేదని ముద్రించి అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ఉంది. అలర్జీ కలిగించే పదార్థాల వివరాలను మెనూలో చూపాలన్న 2020 నాటి నిబంధన మాత్రం కేంద్ర లైసెన్సు ఉన్నవారికి, పది లేదా అంతకు మించిన చోట్ల శాఖలు ఉన్న హోటళ్లకు ఉద్దేశించినది. నాలుగు బల్లలు వేసుకుని నడిపే హోటల్‌కు ఆ బరువు ఉండకపోవడం న్యాయమే. అందుకే చట్టం పేరు చెప్పి ఎవరినీ బెదిరించడం నా ఉద్దేశం కాదు.

అడిగేది కొద్దిపాటి జాగ్రత్త. చోడి అట్టు పిండిలో మైదా కలిపితే బోర్డు మీద ఆ మాట కూడా రాయండి. లేదా మైదాకు బదులు నానబెట్టి రుబ్బిన మినప్పప్పు కలిపి చూడండి, అట్టు విరగదు, పులిస్తే రుచి కూడా పెరుగుతుంది. అడిగినవారికి విడిగా ఉంచిన పెనం మీద పోసి, సాంబారుకు బదులు ఇంగువ లేని కొబ్బరి పచ్చడి ఇవ్వండి. ఇందుకు నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకున్నా మేము ఇస్తాము.

మన జిల్లాలలో స్వయం సహాయక సంఘాల మహిళలు నడుపుతున్న చిరుధాన్యాల టిఫిన్ కేంద్రాలకు ఈ పని మరింత సులువు. గోధుమతో చేసేవాటిని ఆ వంటగదిలోకి రానివ్వకుండా, చోళ్లను వేరే మరలో ఆడించుకుంటే చాలు. ఆ పని ఇప్పటికే చేస్తున్న కేంద్రం ఎక్కడైనా ఉంటే, దాని చిరునామాను మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాయగడ