నికోల్ కుక్‌ను పతకాలతోనే గుర్తుంచుకుంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

జూలై నెల వచ్చిందంటే మన పత్రికల క్రీడా పుటల్లో ఫ్రాన్స్‌లో రోజుల తరబడి దశలుగా సాగే సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్‌లో ముందున్నవారు తొడిగే పసుపు జెర్సీ ఫొటో కనిపిస్తుంది. పురుషుల పోటీ ముగిసే వేళకో, ఆ తర్వాతో మొదలయ్యే మహిళల టూర్‌కు మాత్రం చాలాసార్లు నాలుగు వాక్యాల చోటైనా దక్కదు. ఆ పోటీ ఎందుకు ఆగిపోయి 2022లో గానీ కొత్తగా మొదలు కాలేదో తెలుసుకోవాలంటే, వేల్స్‌కు చెందిన రోడ్ సైక్లింగ్ విజేత నికోల్ కుక్ క్రీడాజీవితాన్ని ఒకసారి చూడాలి.

1983లో స్వాన్సీలో పుట్టిన ఆమె పదహారేళ్ళకే, 1999లో, బ్రిటన్ సీనియర్ జాతీయ రోడ్ రేస్ గెలిచారు. ఆ తర్వాత 2001 నుంచి 2009 వరకు ఆ టైటిల్‌ను మరొకరికి వదల్లేదు. 2004లో ఇటలీలో రోజుల తరబడి సాగే మహిళల సైకిల్ పోటీ 'జీరో', 2006, 2007 సంవత్సరాల్లో అప్పటి మహిళల టూర్‌గా పేరున్న గ్రాండ్ బూక్ల్ ఆమెవే.

2008 ఆగస్టు 10న బీజింగ్‌లో జోరువానలో జరిగిన ఒలింపిక్ రోడ్ రేస్‌ను చూసినవారు మరిచిపోలేరు. 126 కిలోమీటర్ల పోటీ చివరికి అయిదుగురి మధ్య మిగిలింది. తడిసిన ఆఖరి మలుపులో జారిపడతానేమోనని కుక్ వేగం తగ్గించడంతో మిగతా నలుగురూ కాస్త ముందుకు వెళ్ళిపోయారు. ఇక పతకం కూడా కష్టమే అనిపించిన ఆ క్షణంలో, ఎగువకు సాగే చివరి రోడ్డుపై ఒక్కొక్కరినీ దాటి, స్వీడన్‌కు చెందిన ఎమ్మా యోహాన్సన్‌ను వెనక్కి నెట్టి స్వర్ణం గెలిచారు. ఆ మలుపులో ఆమె చూపిన జాగ్రత్త నాకు ఆ స్ప్రింట్ కంటే గొప్పగా అనిపిస్తుంది. ఏడు వారాలు తిరగకముందే ఇటలీలోని వరేజేలో నెదర్లాండ్స్ సైక్లిస్టు మరియానె వోస్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ కూడా సాధించారు. ఒకే ఏడాది ఒలింపిక్, ప్రపంచ రోడ్ రేసులు రెండూ గెలవడం అంతకుముందు పురుషుల్లోనూ ఎవరికీ సాధ్యం కాలేదు.

ఇంతటి విజేత కాలి కింద నేల మాత్రం ఏటేటా కుంగిపోతూ వచ్చింది. గ్రాండ్ బూక్ల్ 2009లో నాలుగు రోజులకు కుదించుకుపోయి, ఆ తర్వాత జరగనే లేదు. పెద్ద స్థాయి పురుషుల జట్లలో కనీస వేతన నిబంధన ఉండగా అప్పట్లో మహిళలకు అలాంటి రక్షణ ఉండేది కాదు. జీతాలు ఎగ్గొట్టే జట్టు మీద కోర్టుకు వెళ్ళే స్తోమత ఎంతమందికి ఉంటుంది? 2013 జనవరిలో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో విరమణ ప్రకటిస్తూ ఆమె ఈ సంగతులన్నీ దాపరికం లేకుండా చెప్పారు. పందొమ్మిదేళ్ళప్పుడు ఫ్రాన్స్‌లో పోటీ జరుగుతుండగా ఏ 'మందులు' కావాలని జట్టులోనే తనను అడిగితే నిరాకరించానని, డోపింగ్ చేసిన, అంటే నిషేధిత మందులు వాడిన, అమెరికా సైక్లిస్టు టైలర్ హామిల్టన్ తన మోసం గురించి రాసిన పుస్తకంతో సంపాదించేది, తాను నిజాయితీగా ఇన్నేళ్ళు పడిన శ్రమకు దక్కేదానికంటే ఎక్కువని అన్నారు. 2017లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిస్తూ, తమ దేశ సైక్లింగ్ సమాఖ్యను మగవాళ్ళే మగవాళ్ళ కోసం నడుపుతున్నారని నిర్మొహమాటంగా చెప్పారు.

మహిళల పోటీలు ఎవరూ చూడరు గనుకనే డబ్బు రాదని కొందరు వాదిస్తారు. ప్రసారమే చేయని పోటీని జనం చూడలేదనడం, వడ్డించకుండానే తినలేదని అతిథిని నిందించడం లాంటిది. అగ్రశ్రేణి మహిళా జట్లకు కనీస వేతనం 2020లో గానీ రాలేదు; అది ఏడాదికి 15,000 యూరోలు. 2022 టూర్‌లో మహిళా విజేతకు 50,000 యూరోలు ఇస్తే పురుష విజేతకు 5,00,000 ఇచ్చారు. ఈ మార్పులన్నీ కుక్ ఒక్కరి వల్లే వచ్చాయని నేను అనడం లేదు, ఎందరో క్రీడాకారిణులు ఇందుకోసం పోరాడారు. అయితే ఒలింపిక్ స్వర్ణం ఉన్న మనిషి బహిరంగంగా లెక్కలు అడిగితే నిర్వాహకులు వినక తప్పదు.

కాబట్టి వచ్చే టూర్ సమయంలో మహిళల దశలవారీ ఫలితాలను కూడా పురుషుల ఫలితాలు వేసే చోటే ప్రచురించాలని మీకు మనవి చేస్తున్నాను. ఏ క్రీడకు చెందిన మహిళనైనా మీ విలేకరులు ఇంటర్వ్యూ చేసినప్పుడు, వంట వచ్చా, పెళ్ళెప్పుడు అనే ప్రశ్నల స్థానంలో జీతం ఎంత, ఒప్పందం ఎన్నాళ్ళు, గాయపడితే ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగితే మాలాంటి పాఠకులకు ఎంతో ఉపయోగంగా ఉంటుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ