పాత వాషింగ్ మెషీన్ వయసు పౌడర్ ట్రే అడుగున ఉంటుంది

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం సంచికలో పాఠకులు పంపిన పాత ఇంటి సామాన్ల ఫొటోలు వేస్తున్నారు. గుండ్రటి అద్దం తలుపున్న వాషింగ్ మెషీన్ కనిపిస్తే చాలు, కింద ఒకటే కంపెనీ పేరు, పక్కన '1980 నాటిది' అనో మరొకటో ఉంటోంది. ఇందులో చాలావరకు ఊహే. బాష్ సహకారంతో ఐఎఫ్‌బీ గోవాలో తయారుచేసిన ఫ్రంట్ లోడ్ మెషీన్లు మన ఊరి ఇళ్లలో కనిపించింది 1990లలో. అంతకుముందుదైతే గల్ఫ్ నుంచో, లండన్, అమెరికాల నుంచో సామాన్లతో పాటు వచ్చి ఉండాలి. అప్పట్లో మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉన్నది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్కే.

ఇంట్లో పెద్దవాళ్లను కంపెనీ పేరు అడిగి లాభం లేదు. పౌడర్ ఎక్కడ పోసేవారో అడగండి. ముందువైపు పైన ఉన్న సొరుగులో పోసేవాళ్లమంటే ఫ్రంట్ లోడ్, బట్టల మీదే చల్లేవాళ్లమంటే సెమీ ఆటోమేటిక్. ఉతకడం అయిపోయాక తలుపు వెంటనే తెరుచుకునేదా అనీ అడగండి. లాక్‌లో ఒక చిన్న పలక కరెంటుకు వేడెక్కి కొక్కేన్ని పట్టి ఉంచుతుంది. అది చల్లారడానికి నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. తలుపు లాగి లాగి తిట్లు తిన్న పిల్లలకు ఇది బాగా గుర్తుంటుంది. నాబ్ ఒకవైపే తిరిగి, మధ్యమధ్యలో టక్కుమని తనంతట తానే ముందుకు జరిగేదంటే లోపల మెకానికల్ టైమర్ ఉన్నట్టు. పిండేటప్పుడు కీచుమంటూ శబ్దం పైపైకి లేచేదంటే అది కార్బన్ బ్రష్‌ల మోటారు, మిక్సీలో ఉండేదీ ఆ జాతిదే. ఫొటోలో అద్దం తలుపు ఉండి సొరుగు ఎక్కడా కనిపించకపోతే మాత్రం అది బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ కావచ్చు.

మెషీన్ ఇంకా స్టోర్‌రూమ్‌లో ఉంటే పని సులువు. తలుపు అంచు చుట్టూ, లేదంటే వెనక పలక మీద రేటింగ్ రేకు ఉంటుంది. అందులో ముందు చూడాల్సింది హెర్ట్జ్ (Hz), అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తాలు తిరుగుతుందో చెప్పే అంకె. 50 అయితే మన దేశం, ఐరోపా, దుబాయ్, కువైట్ ఏదైనా కావచ్చు. 60 అయితే సౌదీయో అమెరికాయో. 60 హెర్ట్జ్ టైమర్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది, గంటలో అయ్యే ఉతుకు 72 నిమిషాలు పడుతుంది. 'సౌదీ మెషీన్ ఎక్కువసేపు ఉతుకుతుంది, అందుకే అంత తెలుపు' అని మెచ్చుకునేవారికి అసలు కారణం ఇదే అయి ఉండొచ్చు. బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారైతే అదీ నెమ్మదించి, పైగా వేడెక్కుతుంది. బ్రష్‌ల మోటారుకు ఈ తేడా పట్టదు.

రేకు ఊడిపోయి ఉంటే పౌడర్ ట్రే బయటికి తీసి తిరగేయండి. ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన రూపాయి బిళ్లంత వలయం, చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో బాణం గుర్తు కనిపిస్తాయి. బాణం చూపే అంకె నెల. బాణానికి అటూ ఇటూ ఉన్న రెండంకెలు ఏడాది. 9, 3 ఉంటే 1993. అది ఆ ముక్కను పోసిన తేదీ, మెషీన్ బిగించింది ఆ తర్వాతే. ఒక్క ట్రేతో తేల్చేయొద్దు. డ్రెయిన్ పంపు, టైమర్, మోటారు లేబుల్ కూడా చూడండి. మూడు 1993 అని, ఒకటి 2001 అని చెబితే ఆ ఒక్కటి తర్వాత మార్చినది.

హైదరాబాద్‌లో ఇలా మార్చిన భాగాలు ఎక్కువగానే కనిపిస్తాయి, కారణం బోరు నీళ్లు. హీటరు మీద సున్నం పొర కడుతుంది. స్టీలు డ్రమ్మును వెనక నుంచి పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం పోతను మెకానిక్కులు స్పైడర్ అంటారు. సబ్బు క్షారం, ఉప్పునీటి తడి, పక్కనే స్టీలు కలిసి దాన్ని లోలోపలే తినేస్తాయి. తలుపు తెరిచి డ్రమ్ము పై అంచు పట్టుకుని ఎత్తండి. డ్రమ్ముతో పాటు వెనక పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) కూడా ఊగితే బేరింగు పోయింది. పుల్లీ కదలకుండా డ్రమ్ము ఒక్కటే ఊగితే స్పైడర్ విరిగింది. బేరింగు మీద 6205, 6206 లాంటి నంబరు ఉంటుంది, అది చెబితే రాణిగంజ్‌లో ఇస్తారు. తలుపు రబ్బరు మాత్రం మోడల్‌కో రకం. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో అదే మోడల్ పాతది కంటపడితేనే దొరికినట్టు.

గుర్తుపట్టామన్న ఉత్సాహంతో వెంటనే ప్లగ్ పెట్టకండి. ఏళ్ల తరబడి పడి ఉన్న హీటరు లోపలి పొడి తేమ పీల్చుకుంటుంది, కరెంటు బాడీకి దిగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో కరెంటు బాడీకి దిగుతోందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టించి, కనీసం ఒక మెగా ఓమ్ చూపితేనే ముందుకెళ్లండి, అదీ ఎర్తింగ్ ఉన్న పెద్ద ప్లగ్‌లో. నీటి పైపులు కొత్తవి వేయండి. మెషీన్‌ను ఎక్కడినుంచైనా తెస్తే దారిలో డ్రమ్ము కదలకుండా పెట్టే ట్రాన్సిట్ బోల్టులు వెనక బిగించే ఉన్నాయేమో చూసి తీసేయండి, లేకపోతే పిండేటప్పుడు గది దాటుతుంది. పై అంతస్తు ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. నల్లాకు కనీసం మూడు మీటర్ల ఎత్తున ట్యాంకులో నీళ్లు ఉండాలి. తగ్గితే నీళ్లు సన్నగా వస్తాయి, మట్టం నిండేదాకా టైమర్ ముందుకు జరగదు, జనం టైమర్ పోయిందనుకుంటారు. పౌడర్ నురగ తక్కువ వచ్చే ఫ్రంట్ లోడ్ రకమే వాడాలి.

కాబట్టి సంపాదకులకు ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి ఫొటోలు అడిగేటప్పుడు ముందువైపుది ఒక్కటే కాకుండా రేటింగ్ రేకు, ట్రే అడుగు, వెనక పలక తీశాక కనిపించే మోటారు, ఈ మూడూ పంపమని అడగండి. పలక తీసేముందు ప్లగ్ పీకేయమని కూడా ఆ ప్రకటనలోనే వేయండి.

ఇట్లు,
ఒక సర్వీస్ టెక్నీషియన్,
చిక్కడపల్లి, హైదరాబాద్