వార్షిక నివేదిక 2025-26

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నిబంధన. చవితి పందిరి, రక్తదాన శిబిరం, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. రోజూ మజ్జిగ పంపిన పటమట మహిళా సభ్యులకు, షామియానా అద్దె తీసుకోని సభ్యునికి, రాత్రిళ్లు పందిరి కాపలా కాసిన కుర్రవాళ్లకు కృతజ్ఞతలు. ఈ ఏడాది వివరంగా చెప్పవలసింది పదో తరగతి పిల్లల కార్యక్రమం గురించి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. నీళ్లు తీశాక బండ్లు, ఫ్రిజ్‌లు, మోటార్లు బాగుచేసేవారి కోసం ఇళ్లవాళ్లు ఎంత పడిగాపులు పడ్డారో మీరంతా చూశారు. పనివాళ్లు దొరకడం లేదన్న మాట లేకుండా అప్పటి నుంచి మన సమావేశం ఒక్కటీ ముగియలేదు. అందుకే 2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే సంఘం ఆఫీసు ముందు బల్ల వేసి, ఐటీఐ దరఖాస్తులు నింపిపెడతామని బోర్డు కట్టాం. మొదటి విడతకు వచ్చినవారు చాలా తక్కువ. సప్లిమెంటరీ ఫలితాల తర్వాత, మరో దారి లేదనుకున్నాక వచ్చారు. అప్పటికి ఎలక్ట్రీషియన్ సీట్లు అయిపోయాయి. సీట్లు పదో తరగతి మార్కుల వరుసలో ఇస్తారు; అందరూ ముందు అడిగేది ఎలక్ట్రీషియన్నే, తర్వాత ఫిట్టర్. లేతు మీద పనిచేసే టర్నర్, వెల్డర్ సీట్లు చివరి విడత దాకా మిగులుతాయని ఐటీఐ ఉపాధ్యాయులు చెప్పారు. బండ్లు కట్టే, బాగుచేసే షెడ్లున్న మన ఆటోనగర్‌కు కావలసింది సరిగ్గా ఆ ఇద్దరే.

ఇంటర్ కాలేజీల మనుషులు పరీక్షలు కాకముందే ఇంటింటికీ తిరిగి ఫీజు మాట్లాడుకుంటారు. ఐటీఐ తరఫున గడప తొక్కేవారు ఎవరూ లేరు. మార్కులు బాగా వచ్చిన పిల్లవాడు తానే కోరి వెళతానంటే ఇంట్లో పెద్ద పంచాయితీ.

ఇది చూశాకే నవంబరులో ఒక శనివారం చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల పిల్లలను, వాళ్ల తల్లులను ఆటోనగర్‌కు తీసుకొచ్చాం. సంఘం చరిత్రలో ఇంత కళగా జరిగిన కార్యక్రమం మరొకటి లేదని గర్వంగా రాస్తున్నాను. ఉత్త ఛాసిస్‌గా, అంటే చక్రాల మీది చట్రంగా, వచ్చిన లారీ రంగులు, బొమ్మలు, పేర్లతో ఎలా బయటికి వెళుతుందో బాడీ కట్టే షెడ్డులో వరసగా చూపించాం. క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్ దగ్గర మన సభ్యుడొకరు సన్నని కొలతలు తీసే మైక్రోమీటరు చేతికిచ్చి కొలవమంటే, లెక్కలంటే భయపడే పిల్లలే ముందు వరసలో నిలబడ్డారు. ముసుగు పెట్టుకుని వెల్డింగ్ వెలుగు చూస్తామని పట్టుబట్టింది మాత్రం ఆడపిల్లలు. తర్వాత విశ్రాంత ఐటీఐ ఉపాధ్యాయులు ఒకరు అన్నీ విడమరచి చెప్పారు: వెల్డర్‌కు ఎనిమిదో తరగతి చాలు, ఏడాది చదువు; ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లకు పది పాసవ్వాలి, రెండేళ్లు. ఆ తర్వాత బ్రిడ్జి కోర్సు పాసై పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. ఒక తల్లి లేచి, "ఇది చదివితే పిల్లనిస్తారాండీ?" అని అడిగారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదితోపాటు ఐటీఐ చదివినవారు అర్హులేనని ఆయన చెప్పాక, తల్లులు ఆయన చుట్టూ చేరి భోజనాల వేళ దాటేదాకా కదలనివ్వలేదు. ఆయనకు, పులిహోర వండించిన ఉపాధ్యక్షులకు, పిల్లలను వెంటబెట్టుకొచ్చిన టీచర్లకు ఎన్నిసార్లు చెప్పినా కృతజ్ఞతలు తీరవు.

వస్తానని ఫోనులో పదేపదే మాటిచ్చిన అధికారి రాలేదు, కబురూ పంపలేదు. వారి కోసం తెచ్చిన శాలువా ఉపాధ్యాయులవారికే కప్పాం. అర్హులకే దక్కింది.

అధికారుల సంగతి అలా ఉంచితే, పనివాళ్లు లేరని ప్రతి సమావేశంలో మైకు అందుకునే సభ్యుల్లో ఆ రోజు షెడ్డు తెరిచి చూపించినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. ఇప్పటి నియమాల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చోట యజమాని ఇష్టం. స్టైపెండులో నాలుగోవంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఈ నియమాలను తెలుగులో అచ్చువేసి ప్రతి షెడ్డుకూ పంచాం. ఇప్పటిదాకా ఒక్కరూ పేరు నమోదు చేసుకోలేదు. ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల పథకాన్ని 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కొత్త యంత్రాలు రావచ్చు, సంతోషం. వాటి మీద నేర్చుకున్న పిల్లవాడిని మన షెడ్డులోకి పిలవవలసింది మాత్రం మనమే.

జమాఖర్చులు ఆడిటరు చూశారు, కోశాధికారి చదివి వినిపిస్తారు. చందా బకాయిలు ఉన్నవారు ఆ రోజే చెల్లిస్తే అందరికీ మేలు.

ఈసారి పదో తరగతి ఫలితాలు రాగానే బల్ల మళ్లీ వేస్తాం. మొదటి విడత గడువులోపే ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడడానికి వార్డుకు ఇద్దరు చొప్పున కావాలి. పేర్లు సమావేశంలోనే రాయించండి. ఫోను చేసి చెబుతామనే పేర్లు ఈసారి రాసుకోను.

ఇట్లు,
కార్యదర్శి