పేరు రాయని విరాళం కోసం: రాములవారి గుడి కమిటీ విజ్ఞప్తి

తిరుపతి కొర్లగుంటలో మన వీధి రాములవారి గుడికి వచ్చే భక్తులకు, ఇక్కడ పుట్టి పెరిగి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లకు కమిటీ తరఫున నమస్కారాలు.

ఈసారి గోపురం రంగులకు అడగడం లేదు. రంగులు వెలిసిపోయిన మాట నిజమే, రోజూ చూస్తూనే ఉన్నాం, అవి ఇంకో ఏడాది ఆగుతాయి. అడుగుతున్నది మేడ మీది గదికి. నవమి పందిరి గుంజలు, పాత మైకుసెట్టు, విరిగిన పల్లకీ కొయ్యలు పడేసుకున్నామే, ఆ గదికి. దాన్ని ఖాళీ చేసి, సున్నం కొట్టి, పోలీసు కేసుల్లో చిక్కుకున్న పిల్లలకు సాయంత్రం పూట అందులో పని నేర్పించాలని కమిటీ తీర్మానించింది. తీర్మానం ఏకగ్రీవం కాదు. ఆ సంగతీ దాచం, కింద చెబుతాం.

18 ఏళ్లు నిండనివాళ్లు కేసులో ఇరుక్కుంటే మామూలు కోర్టుకు తీసుకుపోరు. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వాళ్లను జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయివుండాలి. పిల్లలకు బేడీలు వేయకూడదు, లాకప్పులో పెట్టకూడదు. తప్పు చేశాడని తేలినా మందలించి ఇంటికి పంపవచ్చు, ప్రొబేషన్ మీద, అంటే నడవడిక మీద కన్నేసి ఉంచే షరతుతో, తల్లిదండ్రులకు అప్పగించవచ్చు. ఇలాంటి పిల్లలను ఉంచే స్పెషల్ హోంకు పంపినా మూడేళ్లకు మించకూడదు. 16 దాటి ఘోరమైన నేరాల్లో ఉన్నవాళ్ల దారి వేరు, ఆ కేసులు మన గది దాకా రావు.

అదే చట్టంలో ఇంకో వీలుంది. బడికి వెళ్లు, లేదా పని నేర్చుకునే చోటికి వెళ్లు అని బోర్డు ఆ పిల్లవాణ్ణి ఆదేశించవచ్చు. బాగుంది. కానీ ఎక్కడికని వెళ్తాడు? ఐటీఐలో చాలా ట్రేడ్లకు పదో తరగతి కావాలి, కొన్నిటికి ఎనిమిది చాలు. ఏడులోనే బడి మానేసి స్టేషన్ దగ్గర నీళ్ల బాటిళ్లు అమ్ముకునేవాడికి ఆ ఎనిమిదీ లేదు. ఓపెన్ స్కూల్లో పది కట్టవచ్చు, నిజమే. ఫీజు కట్టేదెవరు, పక్కన కూర్చుని చదివించేదెవరు? వాయిదాకు వాయిదాకు నడుమ ఆ పిల్లవాడు చేసేదల్లా పాత సావాసగాళ్లతో టీ బంకు దగ్గర నిలబడటమే.

ఇక మీటింగు సంగతి. తీర్మానం పెట్టగానే మా పెద్దాయన ఒకరు లేచారు. "ఏం సామీ, హుండీకి పైనే కూర్చోబెడతారా వాళ్లని?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నకు మా దగ్గర ఒక పాత జవాబు ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాం. కొన్నేళ్ల కిందట హుండీ లెక్కలో తేడా వచ్చింది. అందరి కళ్లూ గుడి ముందు పూలమ్మే కుర్రాడి మీదికి పోయాయి. ఫిర్యాదు దాకా పోలేదు గానీ మాటలతో చేయాల్సింది చేశాం, జేబులు కూడా తిప్పించాం. పది రోజుల తర్వాత బీరువా వెనక జారిపడిన కవరు దొరికింది, లెక్క సరిపోయింది. పిలిపించి క్షమించమని అడుగుదామంటే ఆ అబ్బాయి కనబడలేదు. మళ్లీ మన గుడి ముందు పూలు పెట్టలేదు. ఆ రోజు జేబులు తిప్పించినవాళ్లలో ఇద్దరం ఇప్పటికీ కమిటీలో ఉన్నాం. ఈ ఆలోచన మొదట తెచ్చిందీ ఆ ఇద్దరమే.

పెద్దాయన చివరిదాకా చేయి ఎత్తలేదు. కానీ గది తాళంచెవి ఆయనే ఇచ్చారు.

ఏం నేర్పుతామో వివరంగా చెబుతాం, డబ్బు ఇచ్చేవాళ్లకు అది తెలియాలి. మన ఊరు నడిచేదే యాత్రికుల మీద. లాడ్జీలు, మెస్సులు, ట్రావెల్స్. కుళాయి లీకు, గీజరు రిపేరు, ఏసీ సర్వీసు, ఫ్యాను వైండింగు, ఈ పనులకు ఏ కాలంలోనూ గిరాకీ తగ్గదు. అందుకే ప్లంబింగు, కరెంటు పని తీసుకున్నాం. వాల్మీకి కథతో మీ మనసు కరిగిద్దామని మొదటి చిత్తుప్రతిలో రాశాం, తర్వాత కొట్టేశాం. ఈ పిల్లలు రామాయణం రాయనక్కర్లేదు, బాత్‌రూం కుళాయి కారకుండా బిగిస్తే చాలు.

చేతిపని సగమే. మిగతా సగం ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చేసి ఉంటుందని అనుకుంటారు. చెప్పిన టైముకు రావడం. రాలేకపోతే ముందే ఫోను చేసి చెప్పడం. ఓనరు అరిస్తే స్పానరు విసిరేయకుండా బయటికి వచ్చి ఒక గ్లాసు నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోవడం. జీతంలో పట్టుకున్నది ఎంత, ఎందుకు అని మర్యాదగా అడగడం. ఈ మధ్య ఇంకో ఉచ్చు వచ్చింది: "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము ఒక నెల ఇవ్వరా, ఐదు వేలు ఇస్తాం" అంటారు. ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరో మోసపోయినవాళ్ల డబ్బు, కేసు మాత్రం ఖాతా ఉన్నవాడి మీద. మన వీధిలో బ్యాంకు నుంచి రిటైరైన ఒక అమ్మ శనివారాలు వచ్చి ఇవన్నీ చెబుతానన్నారు, ఉచితంగానే. 18 నిండనివాళ్లు లైసెన్సు లేకుండా బండి నడిపి దొరికితే బండి ఇచ్చినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని కూడా చెబుతారట. ఇది ఆ గదిలో పిల్లలకే కాదు, మన ఇళ్లలోనూ చెప్పాల్సిందే.

ఇంటర్వ్యూకి పోతే కేసు సంగతి అడిగితే ఏమనాలి? వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే అని ప్రొబేషన్ ఆఫీసరు మాతో అన్నారు. బోర్డులో తేలిన కేసు ఆ తర్వాత ఉద్యోగానికి అనర్హత కాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట తెలిసిన పిల్లవాడు తలెత్తి కూర్చుంటాడు. తెలియనివాడు ఇంటర్వ్యూకే పోడు. అందుకని ఒక వకీలుగారు నెలకోసారి వచ్చి కూర్చుంటారు.

పిల్లలను మేం వెతికి తేవడం లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి అర్జీ పెట్టాం. వాళ్ల అనుమతితో ప్రొబేషన్ ఆఫీసరు పంపినవాళ్లనే చేర్చుకుంటాం, మొదటి విడత 12 మంది. 14 నిండనివాళ్లకు పని మాటే లేదు, వాళ్లకు చదువే. 14 నుంచి 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం నేరం, కాబట్టి ఆ వయసువాళ్లు గదిలో నేర్చుకుంటారు, ఎక్కడికీ కూలికి పోరు. మేడ మెట్లు వీధి వైపు ఉన్నాయి కదా, గుడి లోపలి నుంచి రావాల్సిన పని లేదు. ఏ మతం పిల్లవాడైనా నేరుగా పైకి ఎక్కవచ్చు. బొట్టు పెట్టుకోమనీ, భజనకు కూర్చోమనీ అడగం.

ఖర్చు ఇదీ. గదికి వైరింగు, రెండు ఫ్యాన్లు, మెట్ల కింద మరుగుదొడ్డి కలిపి 70 వేలు. పనిముట్ల సంచి ఒక్కోటి 4,500 చొప్పున 54 వేలు, కోర్సు అయ్యాక ఆ సంచి పిల్లవాడిదే. నేర్పే మేస్త్రీలు ఇద్దరికి నెలకు 8 వేల చొప్పున ఆరు నెలలకు 96 వేలు. టిఫిను, బస్సు చార్జీ మనిషికి రోజుకు 60 రూపాయలు, నెలకు 24 రోజులు, ఆరు నెలలకు 1,03,680. మొత్తం 3,23,680. టిఫిను తీసేద్దామని ఒకరన్నారు. సాయంత్రం ఆరింటికి ఖాళీ కడుపుతో వచ్చినవాడు కరెంటు పని ఏం నేర్చుకుంటాడు, అందుకే ఉంచాం. గోపురం రంగులకని దాచిన 85 వేలు ఇందులో వేస్తున్నాం. ఇంకా కావాల్సింది 2,38,680.

మీకు ముందే చెప్పాల్సిన ఇబ్బంది ఒకటుంది. మీ డబ్బుతో ఎవరు నేర్చుకున్నారో మేం చూపించలేం. ఫొటో, పేరు, వీధి, చదివిన బడి, గుర్తుపట్టే వీలున్న ఏ వివరమూ బయటపెట్టకూడదని అదే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్. బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి గ్రూపు ఫొటో ఉండదు, సర్టిఫికెట్లిచ్చే సభ ఉండదు, శాలువాలు ఉండవు. దయచేసి చూసిపోదామని మేడ ఎక్కకండి, పిల్లలు కిందికి దిగేటప్పుడు సెల్లు తీయకండి. లెక్కలు మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద రూపాయి పైసలతో అంటిస్తాం. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు అన్నదీ రాస్తాం. మానేసేవాళ్లు ఉంటారు, అది దాచం.

విరాళాలు సాయంత్రం హారతి తర్వాత కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. హుండీలో వేస్తే అది నిత్య నైవేద్యం ఖాతాకే పోతుంది, ఇటు మళ్లించలేం. దూరాన ఉన్నవాళ్లు గుడి పేరుమీద చెక్కు పంపవచ్చు, వెనకాల 'మేడ గది' అని రాయండి. విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు మన కమిటీకి ఇంకా లేదు. ఉందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

డబ్బే కానక్కర్లేదు. పాత పైపు రెంచీ, మల్టీమీటరు, పాడైన గీజరు, విప్పి నేర్చుకోవడానికి పనికొచ్చేది ఏదైనా సరే. మనలో ట్యూబులైటు ఇచ్చినా వెలుగు సగం ఆగిపోయేంత పెద్ద అక్షరాలతో పేరు రాయించుకునేవాళ్లు ఉన్నారు, కమిటీలోనూ ఉన్నారు. ట్యూబులైట్లు కూడా తీసుకుంటాం, ఆ గదికి నాలుగు కావాలి. పేరు మాత్రం రాయం.