జైరోకాప్టర్ హెలికాప్టర్ కాదు, సిమ్యులేటర్‌లో కూడా

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ మీద విమానాలు నడిపే సిమ్యులేటర్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ విషయం రాసేవాళ్ళే తక్కువ, రాసినందుకు సంతోషం. కానీ అందులో ఒక మాట సరిదిద్దాలి. ‘ఉచితంగా దొరికే జైరోకాప్టర్ మోడల్‌ను డౌన్‌లోడ్ చేసి హెలికాప్టర్‌లాగే ఇన్‌స్టాల్ చేసుకుని, హెలికాప్టర్‌లాగే నడుపుకోవచ్చు’ అని రాశారు. ఆ మాట నమ్మి చేసినవాళ్ళకు మోడల్ జాబితాలో కనిపించకపోవచ్చు. కనిపించినా ఉన్నచోటి నుంచి నిట్టనిలువుగా లేవదు. అప్పుడు ‘ఊరికే వచ్చింది ఇంతకంటే ఏముంటుంది’ అని డిలీట్ చేసేస్తారు. రాత్రుళ్ళు కూర్చుని ఆ మోడల్ తయారుచేసి పైసా అడగకుండా ఇచ్చిన మనిషికి అది అన్యాయం. ఎక్కువసార్లు తప్పు మోడల్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది, నడిపిన తీరుది.

ముందు అసలు బండి సంగతి. ఆటోజైరో అన్నా జైరోకాప్టర్ అన్నా ఒకటే. గాలిలో ఉన్నప్పుడు పైనున్న రెక్కల చక్రాన్ని, అంటే రోటర్‌ను ఇంజన్ తిప్పదు. ఇంజన్ ప్రొపెల్లర్‌ను మాత్రమే తిప్పుతుంది, ప్రొపెల్లర్ బండిని ముందుకు నడుపుతుంది. రోటర్ కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఎదురొచ్చే గాలి దాని కిందినుంచి పైకి దూరుతూ దాన్ని తిప్పుతుంది. తాటాకు గిరక పట్టుకుని పిల్లవాడు పరుగెత్తినంతసేపూ అది గిరగిరా తిరిగినట్టే. అందుకే గాలి లేనప్పుడు జైరోకాప్టర్ ఆకాశంలో ఒక్కచోట నిలబడలేదు. స్పెయిన్ ఇంజనీరు హువాన్ ద లా సియెర్వా మొదట చేసిన నమూనాలు పక్కకు ఒరిగిపోయాయి. ముందుకు వెళ్ళే రెక్కకు గాలి ఎక్కువ, వెనక్కి వచ్చే రెక్కకు తక్కువ, దాంతో ఒక వైపే పైకి లేచేది. రెక్కల మొదట్లో కీలు పెట్టి, అవి పైకీ కిందికీ ఊగేలా చేశాక 1923లో ఆయన యంత్రం సరిగ్గా ఎగిరింది.

ఇప్పుడు సిమ్యులేటర్. మన ఇళ్ళలో పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా నడిచేది 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, అందరూ ఎఫ్‌ఎస్‌ఎక్స్ అంటారు. దానికీ, దాని ముందటి ఎఫ్‌ఎస్ 2004కూ ఉచిత ఆటోజైరోలు చాలానే ఉన్నాయి. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లోని హెలికాప్టర్ లెక్కలన్నీ ఇంజన్ తిప్పే రోటర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. గాలికి తిరిగే రోటర్ అందులో ఇమడదు. అందుకని మోడల్ చేసేవాళ్ళు చాలావరకు విమానం లెక్కల్నే వాడుకుంటారు. కంటికి కనపడని రెక్క ఒకటి పెట్టి, తక్కువ వేగంలోనే ఎక్కువ లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, వచ్చేలా అంకెలు సర్దుతారు. మనకు పైన తిరుగుతూ కనిపించే రోటర్ ఉత్త బొమ్మ. అంటే ఎఫ్‌ఎస్‌ఎక్స్ దృష్టిలో ఇది పక్కా విమానం. మోడల్‌తో వచ్చిన ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి కేటగిరీ అన్న వరుస చూస్తే ఎయిర్‌ప్లేన్ అనే ఉంటుంది. హెలికాప్టర్ అని ఉన్న ఆటోజైరోలు అరుదు. దాన్ని మీరే హెలికాప్టర్ అని మారిస్తే మాత్రం అంతా చెడుతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తొందరపడొద్దు. జిప్ ఫైల్‌ను నేరుగా సిమ్యులేటర్ ఫోల్డర్‌లోకి విప్పకుండా ముందు డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్‌లో విప్పండి. అన్నిటికంటే ముందు తయారుచేసినవాళ్ళు రాసిపెట్టిన రీడ్‌మీ చదవండి. తర్వాత ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సీఎఫ్‌జీ ఏ ఫోల్డర్‌లో ఉందో వెతకండి. దాని పక్కనే డాట్ ఎయిర్ ఫైల్ ఒకటి, మోడల్, ప్యానెల్, సౌండ్, టెక్స్చర్ అనే ఫోల్డర్లు నాలుగు ఉండాలి. ఇవన్నీ ఉన్న ఆ ఒక్క ఫోల్డర్‌నే సిమ్యులేటర్ ఫోల్డర్‌లోని సిమ్‌ఆబ్జెక్ట్స్ లోపల ఎయిర్‌ప్లేన్స్‌లోకి తీసుకెళ్ళాలి. జిప్ విప్పినప్పుడు ఒకే పేరుతో ఫోల్డర్‌లో ఫోల్డర్ తయారవడం మామూలే. పై ఫోల్డర్‌ను తీసుకెళ్ళి పెడితే సిమ్యులేటర్ దాని లోపలికి దిగి వెతకదు, మోడల్ జాబితాలోకి రాదు. జిప్‌లో గేజెస్ (మీటర్లు), ఎఫెక్ట్స్ అనే ఫోల్డర్లు విడిగా ఉంటే వాటిలోని ఫైళ్ళు సిమ్యులేటర్ అసలు ఫోల్డర్‌లోని అదే పేరున్న ఫోల్డర్లలోకి వెళ్ళాలి. అక్కడ ఆ పేరుతో ఫైల్ ముందే ఉందని అడిగితే తేదీ చూడండి. పాతదాన్ని కొత్తదాని మీద రాసేస్తే ఇంకో విమానం మీటర్లు చెడిపోతాయి.

విండోస్ చేసే గడబిడ ఒకటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలున్న ఫైల్‌ను మార్చి సేవ్ చేయబోతే అనుమతి లేదంటుంది, డాక్యుమెంట్స్‌లో సేవ్ చేయమంటారా అని అడుగుతుంది. సరే అంటే మార్పంతా అక్కడే ఉండిపోతుంది, సిమ్యులేటర్ పాత ఫైల్‌నే చదువుతుంది. కాబట్టి మార్పులేవైనా డెస్క్‌టాప్ మీద ఉండగానే పూర్తిచేసి తర్వాత కాపీ చేయండి. ఫైల్ పేర్ల చివరి అక్షరాలు కనిపించేలా ఎక్స్‌ప్లోరర్‌లో సెట్టింగ్ కూడా మార్చుకోండి. లేకపోతే నోట్‌ప్యాడ్ వెనకాల డాట్ టీఎక్స్‌టీ అని తగిలించినా మీకు కనపడదు.

అన్నీ సరిగ్గా పెట్టినా మోడల్ కనిపించకపోతే ముందుగా విమానాలు ఎంచుకునే తెరలో ‘అన్ని వేరియేషన్లూ చూపించు’ అనే గడిలో టిక్కు పెట్టారో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే మళ్ళీ ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సీఎఫ్‌జీ తెరవాలి. చదరపు బ్రాకెట్లలో ఎఫ్‌ఎల్‌టీసిమ్ డాట్ 0 అని ఒక వరుస ఉంటుంది. దాని కింద సిమ్ అన్న మాటకు ఎదురుగా ఉన్న పేరు, పక్కనున్న డాట్ ఎయిర్ ఫైల్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. రెండు రంగుల్లో వచ్చే మోడల్‌కు ఎఫ్‌ఎల్‌టీసిమ్ వరుసలు 0, 1 అని క్రమంగా ఉండాలి. మధ్యలో అంకె తప్పితే ఆ తర్వాతివి ఆగిపోతాయి. టైటిల్ వరుసలోని పేరు మీ దగ్గరున్న మరే విమానానికీ ఉండకూడదు. టెక్స్చర్ ఎదురుగా రెడ్ అని ఉంటే ఫోల్డర్ పేరు టెక్స్చర్ డాట్ రెడ్ అయి తీరాలి. అది తప్పినందుకే బండి రంగులేకుండా వస్తుంది.

శబ్దం రాకపోవడం ఎఫ్‌ఎస్ 2004 మోడళ్ళలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది. సౌండ్ ఫోల్డర్ తెరిస్తే సౌండ్ డాట్ సీఎఫ్‌జీ అనే చిన్న ఫైల్ ఒక్కటే ఉంటుంది, అందులో ఏలియస్ అని వేరే విమానం ఫోల్డర్ పేరు రాసుంటుంది. ఆ విమానం శబ్దాన్ని అరువు తెచ్చుకోవడమన్నమాట. ఎఫ్‌ఎస్ 2004లో ఉన్న సెస్నా 182 ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో లేదు. అందుకే దాని పేరు రాసి ఉన్న మోడల్ మూగగా వస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్రియేషన్ 582 ట్రైక్ ఉంది, దాని ఫోల్డర్ పేరును ఉన్నదున్నట్టు కాపీ చేసి ఏలియస్ దగ్గర పెట్టండి. దానిది రోటాక్స్ 582 ఇంజన్, రెండు స్ట్రోకుల శబ్దం. చిన్న జైరోకాప్టర్‌కు అంతకంటే సరిపోయేది ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో లేదు.

మీటర్లు ఖాళీగా ఉంటే రెండు కారణాలు. గేజ్ ఫైల్ రాలేదు, లేదా మొదటిసారి లోడ్ అయినప్పుడు ‘ఈ గేజ్‌ను నడపమంటారా’ అని అడిగితే వద్దన్నారు. వద్దన్న సంగతి సిమ్యులేటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ సీఎఫ్‌జీలో ట్రస్టెడ్ అన్న విభాగంలో ఆ గేజ్ పేరున్న వరుస తీసేస్తే మళ్ళీ అడుగుతుంది. తీసేముందు ఆ ఫైల్‌కు కాపీ ఒకటి దాచుకోండి.

రోటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. వేగంగా తిరిగే రోటర్‌ను పలుచని పళ్ళెంలాంటి బొమ్మతో చూపిస్తారు. ఆ బొమ్మలో ఎక్కడెక్కడ అవతలిది కనపడాలో చెప్పే ఆల్ఫా పొర ఒకటుంటుంది. ఎవరైనా ఆ టెక్స్చర్‌ను వేరే ఫార్మాట్‌లోకి మార్చి ఆల్ఫా పోగొడితే నెత్తిమీద నల్లటి అప్పడం వేలాడినట్టు ఉంటుంది. ఎఫ్‌ఎస్ 2004 మోడల్ అయితే సెట్టింగ్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 10 ప్రివ్యూ మీద టిక్కు తీసేసి చూడండి, పాత మోడళ్ళకు దానితో పడదు. బండి మొదటి క్షణంలోనే ఎగిరి దూకితే, చక్రాలు నేలలో కూరుకుపోతే అది ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సీఎఫ్‌జీలోని స్టాటిక్ సీజీ హైట్ అన్న అంకె పని. అడుగుల్లో ఉంటుంది. 0.1 చొప్పున మారుస్తూ చూడాలి, ఒక్కసారిగా అడుగు పెంచితే లాభం లేదు. ఆ సరిదిద్దేంతసేపూ క్రాష్ డిటెక్షన్ ఆపేయండి.

మొదటి పరీక్షకు సముద్రమట్టానికి దగ్గరున్న విశాఖ మంచిది. బేగంపేట సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది, గాలి పలుచన, చిన్న ఇంజన్‌కు పరుగు కాస్త ఎక్కువ పడుతుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ వచ్చిన రెండేళ్ళకు, 2008లో శంషాబాద్ మొదలైంది, అందుకే అందులో హైదరాబాద్ అంటే ఇంకా బేగంపేటే.

నడపడానికి వస్తే, ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో జాయ్‌స్టిక్ కాస్త వెనక్కి లాగి పూర్తి థ్రాటిల్ ఇస్తే కొద్ది దూరంలోనే లేస్తుంది. వేగం బాగా తగ్గిస్తే తెరమీద స్టాల్ అని, అంటే రెక్కకు లిఫ్ట్ పోయిందని, వస్తుంది. నిజమైన జైరోకాప్టర్ విమానంలా స్టాల్ అవదు, రోటర్ తిరుగుతూనే కిందికి దిగుతుంది. విమానం లెక్కలు అరువు తెచ్చుకున్నందువల్ల కనిపించే మాట అది.

రోటర్ నిజంగా గాలికి తిరగడం చూడాలంటే ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌కు వెళ్ళాలి. అది రెక్కను ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో లెక్కగడుతుంది. ఇన్‌స్టాల్ తేలిక. డాట్ ఏసీఎఫ్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను యథాతథంగా ఎయిర్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లో పెట్టాలి, అంతే. మరీ పాత మోడల్ తెరుచుకోకపోతే ఎక్స్‌ప్లేన్‌తో పాటే వచ్చే ప్లేన్ మేకర్‌లో తెరిచి సేవ్ చేసి చూడండి. అదీ కాకపోతే ఎక్స్‌ప్లేన్ ఫోల్డర్‌లోని లాగ్ డాట్ టీఎక్స్‌టీ చివరి వరుసలు చదవండి, ఏది దొరకలేదో అందులోనే ఉంటుంది. 11వ వెర్షన్ నుంచి అది పూర్తిగా 64 బిట్, కాబట్టి పాత 32 బిట్ ప్లగిన్లు నడవవు.

ఎక్స్‌ప్లేన్‌లో క్రమం తప్పితే బండి లేవదు. ఈ కాలపు రెండు సీట్ల జైరోలో అయితే బ్రేక్ పట్టుకుని, స్టిక్ ముందుకు తోసి, నేల మీద ఇంజన్ బలాన్ని రోటర్‌కు అందించే ప్రీరొటేటర్‌తో రోటర్‌ను నిమిషానికి 200 చుట్ల దాకా తిప్పాలి. ప్రీరొటేటర్ వదిలి, స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి, బ్రేక్ తీసి, అప్పుడు థ్రాటిల్ ఇవ్వాలి. పరుగులో గాలి తగిలి రోటర్ ఇంకా పుంజుకుంటుంది, ముక్కు లేస్తుంది, అప్పుడు స్టిక్‌ను కొద్దికొద్దిగా ముందుకు వదలాలి. రోటర్ నెమ్మదిగా ఉండగానే పరుగెత్తిస్తే రెక్కలు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. గాలిలో స్టిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోయడం అన్నిటికంటే ప్రమాదం. రోటర్ మీద బరువు తగ్గుతుంది, అది నెమ్మదిస్తుంది, ప్రొపెల్లర్ తోపుకు బండి ముక్కు మీద పల్టీ కొట్టొచ్చు. నిజజీవితంలో దాన్నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో రోటర్ బొమ్మే కాబట్టి ఈ తప్పు ఎన్నిసార్లు చేసినా ఏమీ కాదు. అలవాటు అక్కడే చెడిపోతుంది. జైరోకాప్టర్ నేర్చుకోవాలనే ఆలోచన ఉన్న కుర్రాళ్ళకు ఈ తేడా తప్పక తెలియాలి.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో అయితే ఫోల్డర్‌ను కమ్యూనిటీ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. అది ఎక్కడుందో తెలియకపోతే యూజర్‌సీఎఫ్‌జీ డాట్ ఆప్ట్ ఫైల్ చివరి వరుసలో దారి రాసుంటుంది. మ్యానిఫెస్ట్, లేఅవుట్ అనే రెండు జేసన్ ఫైళ్ళు మోడల్ ఫోల్డర్ తెరవగానే ఎదురుగా కనపడాలి. లోపల కొత్త ఫైల్ చేర్చి లేఅవుట్‌లో రాయకపోతే సిమ్యులేటర్ దాన్ని పట్టించుకోదు. పూర్తిగా ఉచితమైన ఫ్లైట్‌గేర్ వాడేవాళ్ళు గిట్‌హబ్ నుంచి తెచ్చుకున్న ఫోల్డర్ పేరు చివర మాస్టర్ అనే మాట ఉంటే తీసేయాలి, లేకపోతే ఫైళ్ళు ఒకదానికొకటి దొరకవు.

ఇన్‌స్టాల్ చేయడానికి ఈఎక్స్‌ఈ ఫైల్ ఇస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నాలుగు ఫోల్డర్లు కాపీ చేయడానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు, జిప్ చాలు. వేరేవాళ్ళ ఉచిత మోడళ్ళను పెన్‌డ్రైవ్‌లో నింపి అమ్ముకునేవాళ్ళ దగ్గర కొనొద్దు. తిరిగి అమ్మొద్దని ఎన్నో రీడ్‌మీలలో స్పష్టంగా ఉంటుంది, అమ్మేవాళ్ళు ముందుగా తీసేసేది ఆ రీడ్‌మీనే.

వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయగలరని కోరుతున్నాం. చోటు తక్కువైతే ఈ ఒక్క వాక్యం వేసినా చాలు: ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో జైరోకాప్టర్‌ను ఎయిర్‌ప్లేన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, రన్‌వే మీద పరుగెత్తించే లేపాలి.

ఇట్లు,
సిమ్యులేటర్ వాడే పాఠకులు కొందరు,
విశాఖపట్నం