ఈ-కేవైసీ కాకపోతే బోగస్ అయిపోతారా?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రేషన్ కార్డుల వార్త చదివినప్పటి నుంచీ మనసు ఊరుకోవడం లేదు. వేలిముద్ర పెట్టించి ఆధార్‌తో సరిచూసే ఈ-కేవైసీ పూర్తికాని యూనిట్లన్నిటినీ, అంటే కార్డుల్లోని మనుషుల పేర్లన్నిటినీ, ఒక్క గాటన కట్టి ‘బోగస్’ అని శీర్షిక పెట్టేశారు. ఆ ఒక్క మాటతో వేళ్లు అరిగిపోయిన ముసలమ్మనూ, ఆధార్‌లో వేలిముద్రే లేని పసివాణ్నీ, బెంగళూరులో తాపీపని చేసుకుంటున్నవాణ్నీ దొంగల్లో కలిపేశారు. అధికారులిచ్చిన కాగితాన్ని అచ్చేసే ముందు మీ విలేకరి ఏదైనా డిపో దగ్గర అరగంట నిలబడి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

రేషన్ డిపోలో వేలిముద్ర చూసే ఈ-పోస్ మిషన్ మీద వేలు పడకపోతే తెర మీద ఒక అంకె వస్తుంది. పాత డీలర్లకు ఆ అంకెలు కంఠతా వచ్చు. 300 వస్తే, పెట్టిన వేలిముద్ర ఆధార్‌లో ఉన్నదానితో కలవలేదని. 811 వస్తే, ఆ మనిషి వేలిముద్రలు ఆధార్‌లో అసలు లేవని. 330 వస్తే బయోమెట్రిక్ లాక్ చేసి ఉందని, అంటే వేలిముద్ర వాడకుండా ఆధార్‌లో తాళం వేసి ఉందని. ఇవి కాక సర్వర్ అందక మధ్యలో ఆగిపోయేవి వేరు. నాలుగింటికీ మందు వేరు. లైన్లో నిలబడ్డ మనిషికి చెప్పేది మాత్రం ఒక్కటే: ‘పడలేదమ్మా, రేపు రా.’

300 ఎక్కువగా వచ్చేది ఎవరికి? మిరపకాయలు కోసేవాళ్లకు, పొగాకు గ్రేడింగు చేసేవాళ్లకు, బీడీలు చుట్టేవాళ్లకు, సున్నం, సిమెంటు కలిపేవాళ్లకు, పొద్దస్తమానం అంట్లు తోమేవాళ్లకు. గీతలు అరిగి బొటనవేలు గాజుముక్కలా నున్నగా అయిపోతుంది. చలికాలంలో చర్మం పగిలితే మిగిలిన గీతలూ తెగిపోతాయి. రెక్కల కష్టం మీద బతికేవాళ్ల కోసం పెట్టిన బియ్యం, ఆ కష్టం చేసినందుకే అందకుండా పోవడం ఏం న్యాయం?

దీనికి దారులు లేకనా? ఉన్నాయి. ముందు మిషన్ అద్దం మీద పేరుకున్న చెమట, దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవాలి. సగం చోట్ల ఇదే చేయరు. వచ్చినవాళ్ల చేతులు తడిగుడ్డతో తుడిపించి ఆరనివ్వాలి. బొటనవేలునే పట్టుకుని వేలాడకుండా పది వేళ్లూ చూడాలి, ఉంగరపు వేలు, చిటికెన వేలు అంతగా అరగవు. అప్పటికీ కాకపోతే రెండు వేళ్లు కలిపి సరిచూసే ఫ్యూజన్ ఫింగర్ ఉంది. ఆ తర్వాత కంటిపాపతో సరిచూసే ఐరిస్. శుక్లాలు ముదిరిన కంటికి అదీ కష్టమే, నిజమే. చివరికి వీఆర్వో వేలిముద్రతో ఇప్పించే వెసులుబాటు కూడా పెట్టారు. కానీ ఐరిస్ యంత్రం ఉన్నచోట పనిచేయదు, పనిచేసే చోట వీఆర్వో దొరకడు. నెల 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 దుకాణం తెరవాలన్నారు. ఆ పదిహేను రోజుల్లో మూడుసార్లు కూలి మానుకుని వచ్చేవాడు ఎవడు?

811 సంగతి పిల్లలది. అయిదేళ్లలోపు ఇచ్చే నీలం ఆధార్‌కు ఫొటోనే తీస్తారు, వేలిముద్రలు తీసుకోరు. అయిదు నిండాక ఒకసారి, పదిహేను నిండాక మరోసారి వేలిముద్రలు ఎక్కించాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పే నాథుడు లేడు. మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు వాళ్లకూ, ఎనభై దాటినవాళ్లకూ ఈ-కేవైసీ మినహాయింపు ఇచ్చారు, మంచిదే. మరి ఆరేళ్ల పిల్లవాడో? డెబ్బై ఎనిమిదేళ్ల తాతో? వాళ్లిద్దరూ ఆ గీతకు అవతల పడిపోయారు. నలుగురున్న ఇంట్లో ఒక్క పేరు ఆగితే 20 కిలోలు 15 అవుతాయి. తగ్గిన అయిదు కిలోలు బజారులో కిలో 45, 50 పెట్టి కొనుక్కోవాలి.

ఇక వలసపోయినవాళ్లు. 2019 ఆగస్టులో దేశంలోనే మొదటగా ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో చెల్లే పద్ధతి మొదలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్యా, గుజరాత్, మహారాష్ట్ర మధ్యా. ఒకే దేశం ఒకే కార్డు అని ప్రకటనలు ఇచ్చారు. కానీ మన తెల్లకార్డుల్లో రెండు రకాలున్నాయని ఎవరూ చెప్పరు. కేంద్రం ఆహార భద్రతా చట్టం కింద గుర్తించినవి కొన్ని, రాష్ట్రం సొంత ఖర్చుతో నడిపేవి కొన్ని. పక్క రాష్ట్రంలో చెల్లేది మొదటి రకమే. రెండో రకం కార్డు పట్టుకుని చెన్నైలోనో బెంగళూరులోనో డిపోకు వెళితే బియ్యం ఇవ్వరు. ఊళ్లో లేడు కాబట్టి ఇక్కడ ‘అందుబాటులో లేరు’ అని రాసుకుంటారు. ఆ రాతే మీ వార్తలో ‘బోగస్’ అయింది.

2013 నాటి ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్ ప్రకారం, హక్కుగా రావలసిన తిండిగింజలు ఇవ్వకపోతే రాష్ట్రం ఆ మేరకు భత్యం డబ్బు చెల్లించాలి. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో ఎవరికీ సరుకు ఆపవద్దనీ, అలాంటివారికి ఇచ్చి వివరాలు వేరే రిజిస్టరులో రాయాలనీ 2017 అక్టోబరులో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఆ రిజిస్టరు ఎన్ని డిపోల్లో ఉందో మీ విలేకరులు వెళ్లి అడగాలి.

పద్ధతులు మార్చడంలో మాత్రం ఎవరూ తక్కువ తినలేదు. 2021 జనవరిలో ఇళ్ల దగ్గరికే రేషన్ ఇచ్చే 9,260 బండ్లు తెచ్చారు. 2025 జూన్ 1 నుంచి బండ్లు తీసేసి మళ్లీ దుకాణాలు తెరిచారు. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ స్మార్ట్ కార్డులు వచ్చాయి. బండి వచ్చినా, దుకాణం తెరిచినా, కార్డు మారినా వేలు పెట్టే మిషన్ అదే, పడని వేలూ అదే. సరుకులేమైనా పెరిగాయా అంటే అదీ లేదు. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. ఇవాళ చాలాచోట్ల బియ్యం, అరకిలో పంచదారతో సరి. కందిపప్పు ఏ నెల వస్తుందో డీలరుకే తెలియదు.

అయిదు కిలోల కోసం వచ్చినవాడి వేలు ఇన్నిసార్లు పరీక్షించే యంత్రాంగం లారీల దగ్గర ఏం చేస్తోంది? 20 టన్నుల రేషన్ బియ్యంతో ఒక లారీ దాటిపోతే 4,000 మంది నెల బియ్యం పోయినట్టు. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ దాకా రేషన్ బియ్యం చేరిన సంగతి దేశమంతా చూసింది. అది వేలిముద్ర పడని ముసలమ్మ తీసుకెళ్లి ఎక్కించింది కాదు.

అందుకని అడిగేది ఇది. ఆగిన ప్రతి యూనిట్ పేరూ, దాని పక్కన వచ్చిన అంకె, ఏ తేదీన వచ్చిందో ఊళ్లోని గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి. 811 వచ్చిన పిల్లలకు బడిలోనే ఆధార్ శిబిరం పెట్టాలి. 300 వచ్చినవాళ్ల ఇంటికి ఐరిస్ యంత్రంతో వీఆర్వో వెళ్లాలి. ఇవి పూర్తయ్యేదాకా ఒక్క పేరూ తీయకూడదు, ఒక్క కిలో ఆపకూడదు. మీరు కూడా అంకెలవారీ లెక్క జిల్లా పౌరసరఫరాల అధికారులను అడిగి వచ్చే వారం అచ్చు వేయండి. చనిపోయినవాళ్లెందరు, రెండుచోట్ల పేరున్నవాళ్లెందరు, వేలు పడనివాళ్లెందరు, వలసపోయినవాళ్లెందరు, విడివిడిగా. అందులో నిజంగా బోగస్ అని తేలినవి ఎన్నుంటే అన్నే శీర్షికలో పెట్టండి.

— ఒక పాఠకుడు, నరసరావుపేట